పన్నెండో మునుం

పోయిన వారం మనం జంగమ్మను మోకాటి లోతు బురదలో వదిలి వచ్చాం. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కింద దొర మడిలో నాటు పడుతున్న పొద్దు అది. చెరువు కట్ట మీద మూడు ఆకారాలు కనిపించాయి. ముందు నడుస్తున్నవాడు సర్కారు పోలీసు క్యాంపు జమేదారు. వెనక ఇద్దరి భుజాల మీద తుపాకులు ఉన్నాయి. వాళ్లు ఎవరిని వెతుక్కుంటూ వస్తున్నారో మడిలో ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలుసు.

మరియను. రోజూ వాళ్లతో కలిసి నాటేసే మరియను.

యూనియన్ మిలటరీ వస్తుందని జనం చెవులు కొరుక్కుంటున్న వానకాలం. వచ్చేలోపల ఎవరు బతికి ఉంటారో ఎవరికీ తెలియని వానకాలం. సర్కారు మీద తిరగబడ్డ మరియ తమ్ముడు దానియేలు కాలికి తూటా దిగి రాచకొండ గుట్టల్లో పడి ఉన్నాడు. వాడికి జొన్న గట్క, పసుపు, పాత చీర పేలికలు మూటగట్టుకుని మరియ కోడి కూయగానే పోయింది. పొద్దు వాలేలోపల తిరిగి వస్తానని చెప్పింది. ఏ దారిన పోయిందో జంగమ్మ ఒక్కదానికే తెలుసు. కట్టెలకు పోయినప్పుడు ఆ దారి ఇద్దరూ కలిసి తొక్కిందే.

"మనం పదకొండు మందిమి," అని ముఠా పెద్ద యశోదమ్మ నడుము ఎత్తకుండానే చెప్పింది. "పొద్దుగాల సంది పదకొండు మందిమే. ఎవ్వలడిగినా గదే మాట. నోట్లకెల్లి ఇంకో మాట రావద్దు."

అక్కడ ఆగాం.

జమేదారు గట్టు మీదికి వచ్చేసరికి జంగమ్మ నాటిన మొక్క ఊడి వచ్చింది. లోతుకు గుచ్చకపోతే మొక్క నిలబడదు, నీళ్ల మీద తేలుతుంది. తేలిన మొక్కను తీసి మళ్లీ గుచ్చింది. అది మళ్లీ తేలింది.

ఆమె రెండు నెలల పిల్ల తల్లి. రోజూ ఈ పాటికి ఊరవతలి వాడలోని ముసలి మారెమ్మ పిల్లను చంకన వేసుకుని గట్టు మీదికి వచ్చేది. జంగమ్మ చేతులు కడుక్కుని, గట్టు మీద కూర్చుని పాలిచ్చి మళ్లీ మడిలో దిగేది. ఇవాళ తుపాకులు కంటపడి మారెమ్మ రాలేదు. పాలు నిండి నిండి రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. వంగినప్పుడల్లా సలుపు చంకల దాకా పాకుతోంది. ఒకపక్క ఆ సలుపు, ఒకపక్క ఈ భయం. రెండింటిలో ఏది ఎక్కువో చెప్పలేని స్థితి.

జమేదారు చేతికర్ర ఎత్తి ఒక్కొక్క వీపునూ చూపిస్తూ లెక్కపెట్టాడు.

"ఏక్, దో, తీన్..." చివరి వీపు దగ్గర కర్ర ఆగింది. "గ్యారా. మీరు ఎంతమంది?"

"పదకొండు మందిమి సాబ్," అంది యశోదమ్మ.

"రోజూ?"

"రోజూ గింతే."

"మీ దిక్కు నుంచి ఒక ఔరత్ గుట్టలకు పోయింది. మూట పట్టుకొని పోయింది. మా మనిషి చూసిండు. నాటేసే ఔరతే. కాళ్లకు మోకాళ్ల దాక బురద మరకలు."

జంగమ్మకు ఎడమపక్కన ఉన్న కాశమ్మ నోరు ఊరుకునే రకం కాదు. "బురద మరకల్లేని ఆడిది ఈ ఊర్ల ఎక్కడున్నది సాబ్? దొరసాని కాళ్లు తప్ప అన్ని కాళ్లూ గిట్లనే ఉంటయి."

ఎవరో ముక్కుతో నవ్వారు. తుపాకీ పట్టుకున్న ఇద్దరిలో ఒకడి మీసం కూడా కదిలింది. జమేదారు మాత్రం నవ్వలేదు.

"నీ పేరు?"

"కాశమ్మ."

"కాశమ్మా, మొన్న మంచాల తొవ్వల ఒకడు గిట్లనే మాటలు చెప్పిండు. ఇప్పుడు వానికి పండ్లు లేవు."

నవ్వు అక్కడికక్కడే చచ్చిపోయింది. పదకొండు జతల చేతులు నీళ్లలో గబగబా కదిలాయి. జమేదారు పదకొండు పేర్లూ అడిగి పలికించుకున్నాడు. ఎవరి గొంతు తడబడుతుందోనని ఒక్కొక్కరి వైపే చూస్తూ విన్నాడు. జంగమ్మ నారు కట్టను చూస్తూ తన పేరు చెప్పింది. పేర్లు సరిపోయాయి, మనుషులు సరిపోయారు. జమేదారు కర్ర చంకలో పెట్టుకుని కట్ట వైపు తిరిగాడు.

పోతున్నాడు. యేసయ్యా, పోతున్నాడు.

సరిగ్గా అప్పుడే గొడుగు పట్టుకుని శేరిదారు బాలనర్సింహ గట్టు మీదికి వచ్చాడు.

దొర సొంత భూముల మీద పని చేయించేది ఈ బాలనర్సింహే. ఇతనిది ఈ ఊరే. ఇతని తల్లి కూడా ఒకప్పుడు ఈ ముఠాలోనే నాట్లు వేసింది. ఇప్పుడు ఇతని కాళ్లకు కిర్రు చెప్పులున్నాయి, తలకు రుమాలుంది. మడి ఒడ్డున నిలబడి కేకలు వేయడమే తప్ప నీళ్లలో కాలు పెట్టి పదేళ్లయింది. జమేదారుకు సలాం చేసి, అలవాటు చొప్పున నాటు ఎంతదాకా వచ్చిందోనని మడి వైపు చూశాడు.

అలా చూసినవాడు చూస్తూనే ఉండిపోయాడు.

కేక వేయలేదు. తిట్టలేదు. గొడుగు ఒక పక్కకు ఒరిగిపోయింది. అతను ఏం చూస్తున్నాడోనని జంగమ్మ కూడా తల కొంచెం ఎత్తి తన ముందు నాటిన వైపు చూసింది.

నాటు వేసేవాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తారు కదా. వేసిన నాటు కళ్ల ముందు పచ్చగా పరుచుకుని ఉంటుంది. ఒక్కొక్క మనిషి తన ముందు చేయి చాపినంత మేర నాటుకుంటూ వస్తుంది. ఆ మేరనే మునుం అంటారు. మనిషికో మునుం. ఎవరి మునుం వాళ్లదే.

జంగమ్మకూ, ఆమె కుడిపక్కన ఉన్న సుసన్నకూ నడుమ ఒక మనిషి నిలబడేంత సందు ఉంది.

అది మరియ మునుం.

ఎవరూ అనుకుని వదలలేదు. వదలాలని ఎవరూ చెప్పలేదు. ఈ ముఠాలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అది. జ్వరమొచ్చినా, కానుపు అయినా, ఇంట్లో పీనుగ లేచినా, రాని మనిషి చోటు మూయరు. ఆ చోటులోకి ఇంకొకరు జరగరు. అటుపక్క మనిషి సగం, ఇటుపక్క మనిషి సగం, చేతులు చాపి చాపి ఆ మునుం కూడా నాటుకుంటూ వస్తారు. మనిషి తిరిగి వచ్చిననాడు ఆమె చోటు ఆమెకు ఉంటుంది. నీ చోటు పోయింది, ఇక రాకు అనడానికి దొరకైనా శేరిదారుకైనా వీలుండదు. రెండు నెలల కింద జంగమ్మ పురిటి మంచంలో ఉన్నప్పుడు నారుమడి పనుల్లో ఆమె చోటు నిలబెట్టింది ఒకపక్క కాశమ్మ, ఒకపక్క మరియ.

పొద్దున మడిలో దిగినప్పుడు పదకొండు మందీ ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. నోటితో పదకొండు అని ఒప్పందం చేసుకున్నారు. కాళ్లకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కాళ్లు మరియ చోటు వదిలిపెట్టి నిలబడ్డాయి.

పోనీ, అది చివర ఉన్న మునుం అయితే ఎవరికీ తెలిసేది కాదు. వెనకటికి మరియ, సుసన్న, జంగమ్మ లాంటి వాడ ఆడవాళ్లను మడికి ఒక అంచున విడిగా నిలబెట్టేవారు. ఆరేళ్ల కింద కలరా వచ్చి ముఠా సగమైన ఏడు, యశోదమ్మే వాళ్లను పిలిచి వరుస నడుమన నిలబెట్టింది. "గింతమంది సచ్చినంక ఇంకా అంచులేందే, ఇటు రాండ్రి," అంది. దాని మీద ఊళ్లో ఎంత గొడవ జరిగిందో ముందు భాగాల్లో చదివారు. ఆ మంచితనమే ఇవాళ మడి నడుమన అందరికీ కనబడేలా ఉంది.

జంగమ్మ మొక్కలు దగ్గర దగ్గరగా గుచ్చుతుంది. సుసన్న పొడుగు మనిషి, జాగా ఇచ్చి గుచ్చుతుంది. ఇద్దరి చేతులూ కలిసే చోట మొక్కలు కలవలేదు. నిండు మడిలో నడిమధ్యన పాపిట తీసినట్టు సన్నటి నీళ్ల గీత, వాళ్లు దిగిన ఒడ్డు నుంచి వాళ్ల కాళ్ల దాకా మెరుస్తూ ఉంది.

"సుసన్నక్కా," జంగమ్మ పెదవులు కదలకుండా అంది. "జర ఇటు జరుగు."

"ఏందే?"

"జరుగు అక్కా. సందు. సందు చూడు."

సుసన్న చూసింది. ఆమె నోట్లోంచి ఊపిరి బయటికి వచ్చిన చప్పుడు జంగమ్మకు వినిపించింది. ఇద్దరూ ఒక అడుగుకు ఒక బెత్తెడు చొప్పున దగ్గరికి జరగడం మొదలుపెట్టారు. నాలుగు అడుగులు వేశాక చూస్తే ఇంకా ఘోరంగా ఉంది. అంతదాకా నిటారుగా వచ్చిన పాపిట ఇప్పుడు సన్నబడి, మొన తేలి, బాణంలాగా వచ్చి సరిగ్గా జంగమ్మ కాళ్ల ముందు ఆగింది.

బాలనర్సింహ గొడుగు ముడిచాడు. చెప్పులతోనే మడిలోకి దిగాడు.

ఒడ్డు మీద తుపాకీవాళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. బాలనర్సింహ బురదలో కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి, పని చూస్తున్నట్టు జంగమ్మ పక్కన వంగాడు.

"ఎవ్వలదే ఇది?" అన్నాడు గుసగుసగా.

"ఏది అయ్యా?"

"నాకు చూపియ్యాల్నా? గీ మునుం."

"ఎవ్వలది లేదు."

"ఎవ్వలది లేకుంటె గింత సందు ఎందుకు ఇడిసినవే? నేను గీ బురదలకెల్లి వచ్చినోణ్ణే. నేను పుట్టిన వానకాలం మా అవ్వ నెల దినాలు మంచం దిగలే. ఆమె మునుం గిట్లనే నాటిన్రు. నడుమ పాపిట తీసినట్టు ఉండెనంట. సచ్చిపోయేదాక చెప్పుకున్నది."

జంగమ్మ నారు కట్ట విప్పబోయింది. ముడి ఊడలేదు.

"జమేదారుకు పొలం మొఖం తెల్వదు," అన్నాడు బాలనర్సింహ. "తెల్వకనే పోతుండె. కానీ రేపు ఎవడో ఒకడు చూస్తడు, చెప్తడు. శేరిదారు చూసి గూడ చెప్పలేదంటె నన్ను ఏం చేస్తరో ఎరుకేనా నీకు? నాకు ఇద్దరు పిల్లలున్నరు జంగమ్మా. ఒక్క పేరు చెప్పు. ఒక్కటే పేరు. తక్కినోళ్ల జోలికి రాకుంట నేను చూసుకుంట. మీ ఇండ్లు కాలబెట్టకుంట చూసుకుంట."

అతని గొంతు వణుకుతోంది. జంగమ్మ అది గమనించి ఇంకా భయపడిపోయింది. తమను చూసి వణకాల్సిన పనిలేని మనిషి కూడా వణుకుతున్నాడంటే, కట్ట మీద ఉన్నవాళ్లు ఎలాంటివాళ్లై ఉండాలి? ఇండ్లు కాలబెట్టకుండా అన్నాడు. అంటే కాలబెట్టే ఆలోచన వాళ్ల మనసులో ఉంది. గుడిసెలో చీర ఉయ్యాలలో తన పిల్ల ఉంది.

మరియ పేరు నాలుక చివరికి వచ్చింది. మూడు అక్షరాలు. చెప్పేస్తే అయిపోతుంది. ఇంటికి పోయి పిల్లకు పాలివ్వవచ్చు. ఆ పేరు వెనకే దారి అడుగుతారు. దారి చెబితే గుట్ట మీద కదలలేని పిల్లవాడు, వాడి పక్కన కట్టు కడుతూ కూర్చున్న మరియ. ఇద్దరినీ అక్కడే...

జంగమ్మ నోరు తెరిచింది. తెలివితో కాదు, ధైర్యంతో అసలే కాదు, ఏదో ఒకటి మాట్లాడి కాస్త పొద్దు గడపాలని తెరిచింది.

"మీ అవ్వ మునుం ఎవ్వలు నాటిన్రు అయ్యా?"

బాలనర్సింహ కళ్లు వరుస మొదట్లో ఉన్న యశోదమ్మ వైపు పోయాయి.

యశోదమ్మ వంగిన నడుము ఎత్తలేదు. నీళ్లలో ఆమె చేతులు మాత్రం ఆగాయి.

"నర్సిమ్మా," అంది. వాడికి ముక్కు కారే వయసులో పిలిచిన పిలుపు అది. పదేళ్లుగా ఆ పేరుతో అతన్ని ఎవరూ పిలవలేదు. "చెప్పులు ఖరాబయితున్నయి. ఒడ్డెక్కు బిడ్డా."

అంతే అంది. మళ్లీ నాటుకుంటూ వెనక్కి ఒక అడుగు వేసింది.

"క్యా హువా శేరిదార్?" జమేదారు వెనక్కి తిరిగి వస్తున్నాడు. "ఏంది ఉన్నది అక్కడ?"

బాలనర్సింహ లేచి నిలబడ్డాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. అబద్ధం ఆడేంత ధైర్యమూ లేదు, నిజం చెప్పేంత గుండె రాయీ కాలేదు. రెండింటి నడుమన ఒక మాట దొరికిందనుకున్నాడు పాపం. తన తల దక్కుతుంది, వీళ్ల తలలూ దక్కుతాయి అనుకున్నాడు.

"ఏం లేదు సాబ్. ఇంకొక మనిషి చోటు ఖాళీ ఉన్నది. బాలింతరాలు. ఇంట్ల పండుకున్నది. గంతే."

జంగమ్మ కళ్లు మూసుకుంది.

"ఇంకొక మనిషి?" జమేదారు గొంతు మెత్తబడింది. అరిచినప్పటికంటే ఇది భయంగా ఉంది. "అయితే గ్యారా కాదు. బారా. రోజూ పదకొండే అని చెప్పింది ఎవరు?"

తుపాకీవాళ్లు ఇద్దరూ గట్టు మీద చెరో వైపు జరిగారు. ఒకడు తుపాకీ భుజం మీంచి దించాడు. పదకొండు మంది చేతులూ ఆగిపోయాయి.

యశోదమ్మ మెల్లగా నడుము ఎత్తింది. "నేనే చెప్పిన సాబ్. బాలింతను ఎవరన్న మందిల కలుపుతరా? పురుటి మైల. ఇరవై ఒక్క దినం మడిల దిగొద్దు, వరి ముట్టొద్దు. అందుకే పదకొండు అన్న."

జమేదారు కర్ర కాశమ్మ వైపు తిరిగింది. ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. "నిజమే సాబ్. బాలింత పేరు మడిల తీస్తే పురుగు పడుతదని మా అత్త గూడ అంటుండె. మీరడిగిన్రని పేర్లు చెప్పినం గని, ఆమె పేరు ఎట్ల తీస్తం?"

"పుట్టి ఎన్ని దినాలైంది?" కర్ర సుసన్న వైపు తిరిగింది.

"మొన్న... మొన్న మంగళారం సాబ్."

నాటులో లాగే, ఒకరి మాట ఆగిన చోట ఇంకొకరి మాట వచ్చి అందుకుంది. కాని జంగమ్మకు తెలుసు, ఇది నారు కాదు. ప్రతి మాటా జమేదారు తలలో పోగుపడుతోంది. మంగళవారం అని ఒకరు అన్నాక, ఇక బుధవారం అనడానికి ఎవరికీ వీలు లేదు. మగపిల్లవాడా ఆడపిల్లా అని అడిగితే ఏమంటారు? ఇద్దరిని విడివిడిగా అడిగితే?

కర్ర వచ్చి జంగమ్మ గడ్డం కింద ఆగింది. మొహాన్ని పైకి లేపింది.

"నీ పక్కదే కదా ఆ చోటు? పేరు చెప్పు."

ఈసారి దాచడానికి దారి లేదు. ముఠాలో పన్నెండో మనిషి ఎవరో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. వేరే పేరు చెబితే ఇక్కడే అబద్ధం బయటపడుతుంది.

"మరియ," అంది జంగమ్మ.

"చల్. ఇల్లు చూపి. మంగళవారం బిడ్డను నేనూ చూస్త." జమేదారు నవ్వాడు. వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి. "శేరిదార్, నువ్వు గూడ నడువు."

మడి నుంచి వాడకు మూడు పొలాల దూరం. ముందు జంగమ్మ నడుస్తోంది, ఆమె వెనక జమేదారు, పక్కన బాలనర్సింహ, వెనక తుపాకులు. ఎండ కాస్తోంది. ఆమె కాళ్ల మీద, రవిక మీద బురద ఎండిపోయి పొలుసులుగా లేస్తోంది. అడుగు వేస్తే రొమ్ములు సలుపుతున్నాయి. ఎంత మెల్లగా నడిచినా ఆ మూడు పొలాలు అయిపోతాయి. మరియ ఇంటి తలుపు తీస్తే లోపల ఏముంటుంది? చల్లబడిన పొయ్యి ఉంటుంది. ఖాళీ నులక మంచం ఉంటుంది.

వెనక మడిలో యశోదమ్మ పాట ఎత్తుకుంది.

ముసలి గొంతు. మొదట పగిలి, ఆ తర్వాత నిలదొక్కుకుంది.

"మరియమ్మ ఇంట్ల ఉయ్యాలో, ఆడపిల్ల పుట్టె ఉయ్యాలో..."

తక్కిన తొమ్మిది గొంతులూ అందుకున్నాయి. జమేదారు తల తిప్పి చూశాడు. "ఏం పాట?"

"నాటు పాట సాబ్," అన్నాడు బాలనర్సింహ. "పనిల పాడుకుంటరు. రోజూ ఉండేదే."

అతని మొఖం తెల్లబడిపోయి ఉంది. రాగంలో సాగదీసిన ఆ మాటలు అతనికి అర్థమయ్యాయి. నాటు పాటలు ఎరగని జమేదారుకు కాలేదు. జంగమ్మకు కూడా ముందు అర్థం కాలేదు. ఈ చరణం ఎప్పుడూ పాడింది కాదే అనుకుంది. ఆలోపలే రెండో చరణం వచ్చింది.

"మారెమ్మ అవ్వా ఉయ్యాలో, నీళ్లు గాగబెట్టు ఉయ్యాలో, పక్కల పిల్లను ఉయ్యాలో, పండుకోబెట్టు ఉయ్యాలో..."

పక్క పొలంలో వేరే ముఠా నాటు వేస్తోంది. వాళ్లకు ఏం తెలుసు, ఏం తెలియదు? వంగిన వీపులు అలాగే ఉన్నాయి. ఒక్కరూ తల ఎత్తి చూడలేదు. కాని పాట వాళ్ల నోట్లోకి వచ్చింది. అదే చరణం, అదే వరుస. దాని తర్వాతి పొలంలో కలుపు తీస్తున్నవాళ్లు అందుకున్నారు. జంగమ్మ ఒక అడుగు వేసేలోపల పాట పొలం దాటింది. ఆ చివర వరుసలోంచి ఒక ఆడమనిషి కాలువ గట్టు చాటుకు దిగడం, మళ్లీ పైకి రాకపోవడం జంగమ్మ ఒక్కతే చూసింది. చూసి, కళ్లు నేలకు దించుకుంది.

వాడలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. కుక్కలు కూడా మొరగలేదు.

మరియ ఇంటి గడపకు వేపమండలు కట్టి ఉన్నాయి. తుంచిన చోట ఇంకా పసరు కారుతోంది. లోపలినుంచి పొగ, పొయ్యి మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు. గడపకు అడ్డంగా మారెమ్మ కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ల మనిషి, తుపాకులను చూసి కూడా లేవలేదు.

"ఆగు అక్కడ," అంది. "పచ్చి బాలింత ఉన్నది లోపట. మొగోళ్లు ఎట్లొస్తరు? నీకు అవ్వ లేదా, అక్క లేదా?"

జమేదారు ఆగాడు. తలుపు సందులోంచి లోపలికి తొంగిచూశాడు. మంచం మీద తల నిండా గొంగడి కప్పుకుని ఎవరో పడుకుని ఉన్నారు. ఎవరో జంగమ్మకు తెలియదు. కాలువ గట్టు దిగిన మనిషి అయి ఉండాలి. మంచం పక్కన గుడ్డల్లో చుట్టిన చిన్న మూట ఉంది.

జమేదారు భుజాలు వదులయ్యాయి. చేతికర్ర దించాడు. నమ్మాడు. జంగమ్మ ఊపిరి పీల్చుకోవడానికి భయపడుతూ పీల్చుకుంది. పక్కన బాలనర్సింహ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఠీక్ హై," అన్నాడు జమేదారు. "పిల్ల మొఖం ఒకసారి చూపి, పోత."

"నిద్రపోతున్న పిల్లను లేపుతరా?" అంది మారెమ్మ.

ఆ మాటకే లేచిందో, ఆకలికే లేచిందో, గుడ్డల మూట కదిలింది. ముందు చిన్నగా మూలిగింది. తర్వాత గొంతెత్తి ఏడ్చింది. పొద్దున్నుంచి పాలు లేని పిల్ల ఏడుపు అది.

జంగమ్మకు ఆ గొంతు తెలుసు, తన పిల్లదే. తెలుసని తల చెప్పేలోపలే ఒంటికి తెలిసిపోయింది. రాళ్లలా గట్టిపడిన రొమ్ములు ఒక్కసారిగా వదులయ్యాయి. వద్దు వద్దు అనుకుంటూ పళ్లు బిగించింది. చేతులు అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ఎండిన బురద రవిక మీద రెండు పక్కలా తడి వెచ్చగా విచ్చుకుంది. మోచేతి దాకా కారి, గడప ముందు మట్టిలో ఒక చుక్క పడింది.

బాలనర్సింహ చూశాడు. చప్పున గొడుగు విప్పి ఆమెకూ జమేదారుకూ నడుమన పట్టాడు, ఎండకు పట్టినట్టు.

ఆలస్యమైంది. జమేదారు కర్ర చివరతో గొడుగును మెల్లగా పక్కకు తోశాడు. మంచం వైపు చూశాడు. ఏడుస్తున్న మూట వైపు చూశాడు. నేల మీద ఇంకుతున్న తెల్లటి చుక్క వైపు చూశాడు. తర్వాత జంగమ్మ వైపు తిరిగాడు.

"చేతులు దించు," అన్నాడు.